ఇంజను బోరుకి పంపలేదు నాన్నా

పోయిన ఏడాది జూలైలో ఒక సాయంత్రం డాలస్ పక్కన ప్లేనోలో ఆఫీసు నుంచి ఫ్రిస్కోలో ఇంటికి వస్తున్నాను. టెక్సస్ ఎండ ఆరున్నరకి కూడా సెగలు కక్కుతోంది. టోల్‌వే దిగే ర్యాంపు మలుపు దగ్గర నాకో చిన్న సరదా ఉంది. థర్డ్ గేరులోకి దించి, ఇంజనుని నిమిషానికి ఆరు వేల చుట్ల దాకా అరిపించి, ఒక్క ఊపున తిప్పేయడం. ఆ రోజూ తిప్పాను. మలుపు పూర్తయ్యేసరికి కింద నుంచి ఎవరో చిన్న సుత్తితో టకటకా కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే సుత్తి జోరు పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది.

డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు చూశాను. నిక్షేపంగా మధ్యలో ఉంది. సైలెన్సర్ దగ్గర రేకేదో ఊడి ఉంటుందిలే అనుకుని ఇంకో నాలుగు మైళ్లు తోలి ఇంటికి చేర్చాను. ఆ నాలుగు మైళ్లే నా కొంప ముంచాయి.

నాది 1999 మజ్దా మియాటా, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మొదట్లో వచ్చిన మియాటాల్లో నిజమైన ప్రెషర్ మీటరు ఉండేది. 1995 నుంచి ఆ ముల్లు వెనక ఉన్నది ఉత్త స్విచ్చి. కాస్తో కూస్తో ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యకి వచ్చి అక్కడే కూర్చుంటుంది. ప్రెషర్ సగానికి పడిపోయినా కదలదు. అంటే అది మీటరు వేషం వేసుకున్న వార్నింగ్ దీపం. ఈ సంగతి మియాటా నడిపే వాళ్లందరికీ తెలుసు, నాకు తప్ప. ముల్లుని తిట్టుకుని లాభం లేదు. నూనె మట్టం చూపే డిప్‌స్టిక్ బయటికి తీసి చూసి నాకు రెండు నెలలైంది. 25 ఏళ్ల ఇంజను, లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది, నూనె తాగుతుందని తెలుసు, అయినా చూడలేదు.

పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్డుకీ, అది తిప్పే క్రాంకు అనే ఇరుసుకీ మధ్య ఉండే షెల్ బేరింగులో లోహాలు రెండూ అసలు ఒకదాన్నొకటి తాకకూడదు. మధ్యలో నూనె పొర ఒకటి ఉంటుంది, మందం వెంట్రుకంత కూడా ఉండదు. ఇంజను అడుగున నూనె నిలిచే ఛాంబరులో అది తక్కువగా ఉన్నప్పుడు మలుపు గట్టిగా తిప్పితే ఉన్న కాస్తా ఓ పక్కకి పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, ఆ పొర తెగుతుంది. అలా జరిగిన కొద్ది సెకన్లలో బేరింగు నలుగుతుంది. అక్కడే ఆపి ఉంటే క్రాంకు బహుశా బతికేది. నాలుగు మైళ్ల తర్వాత ఛాంబరు విప్పి చూస్తే నూనెలో బంగారు రంగు పొడి తేలుతోంది. మూడో రాడ్డు బేరింగు తన చోటు వదిలేసి గిరగిరా తిరిగి క్రాంకుని నాగలితో దున్నినట్టు దున్నేసింది.

ఇంజను పోయిందని, ఇంకో పాత ఇంజను తెచ్చి వేద్దామనుకుంటున్నానని నాన్నకి ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది.

మా నాన్న పాతికేళ్లు గుంటూరు మిర్చి యార్డుకి స్వరాజ్ మజ్దా తోలారు. అమెరికాలో నేను మజ్దా స్పోర్ట్స్ కారు కొన్నానంటే మా ఊళ్లో చాలామంది మిర్చి బస్తాలు మోసే బండే అనుకున్నారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బ్లాకుకి చిల్లు పడిందా?"

"లేదు నాన్నా."

"మరింకేం? దింపించి బోరుకి పంపు. క్రాంకు గ్రైండింగ్ చేయించు. పది రోజుల పని. ఎవడిదో ఇంజను తెచ్చి పెట్టుకోవడం ఏంట్రా, వాడెట్లా తోలాడో ఏమో."

బోరు అంటే అరిగిన సిలిండర్లని కాస్త పెద్దవి చేసి మళ్లీ గుండ్రంగా కోయడం, గ్రైండింగ్ అంటే క్రాంకుని అరగదీసి నున్న చేయడం. కానీ ఆయన చివరి మాటే నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. ఎందుకంటే నాకూ లోపల అదే నమ్మకం ఉంది. పోయిన దాన్ని బాగు చేయించుకునే వాడు బండి తెలిసిన వాడు, పారేసి ఇంకోటి తెచ్చుకునే వాడు డబ్బున్న వాడు, లేదా సోమరి. మియాటా నడిపే అమెరికన్ మిత్రులు కూడా దాదాపు ఇలాగే మాట్లాడతారు. ఇంజనుని తన చేత్తో విప్పి బిగించిన వాడికి వాళ్ల దగ్గర ఒక గౌరవం, తుక్కు కార్ల సామాను అమ్మే జంక్ యార్డు నుంచి ఇంజను తెచ్చి వేసుకున్న వాడికి ఇంకో రకం చూపు. ఈ నమ్మకం తప్పని ఇప్పుడు అంటున్నాను. కనీసం చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు తప్పు.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్న నన్ను విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లారు. మా బండి ఇంజను పొగ కక్కుతోంది, లోడు లాగడం లేదు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. ఒక షెడ్డులో ఇంజను విప్పుతారు, వీధి చివర ఇంకో షెడ్డులో బోరు కొడతారు, దాని పక్కన లేత్ మిషను మీద క్రాంకు తిరుగుతుంటుంది, ఎదురుగా ప్యాకింగులూ బేరింగులూ అమ్మే కొట్టు. మేస్త్రీ క్రాంకు మీద గోరుతో గీసి, మైక్రోమీటరు కూడా తీయకుండానే, "ఇరవై పాయింట్లు పోద్ది" అన్నాడు, అంటే క్రాంకుని అంత మేర అరగదీయాలని. తర్వాత కొలిస్తే అంతే ఉంది. కిరసనాయిలు వాసన, ఇనుప రజను, మధ్యాహ్నం చట్నీ కారిపోతున్న ఇడ్లీ పొట్లం. నాకు మిషన్ల మీద మోజు పుట్టింది ఆ రెండు రోజుల్లోనే.

కానీ ఆ షెడ్డు లెక్క ఏమిటో ఇంత కాలానికి అర్థమైంది. అక్కడ మనిషి పని చవక, సామాను ఖరీదు. కొత్త ఇంజను కొనాలంటే మా నాన్నకి పొలం అమ్మాల్సిందే. మేస్త్రీకి నాలుగు రోజుల కూలి ఇవ్వాలంటే రెండు ట్రిప్పులు ఎక్కువ తోలితే చాలు. అలాంటి చోట పాత ఇనుముని కాపాడుకోవడమే తెలివి. డాలస్‌లో లెక్క తలకిందులు. జంక్ యార్డులో బాగా పనిచేసే ఇంజను తొమ్మిది వందల డాలర్లు. దాన్ని విప్పి బిగించే మనిషికి గంటకి నూట నలభై. ఇక్కడ మనిషి గంటని కాపాడుకోవాలి. నాన్న సలహాలో తప్పేమీ లేదు, అది గుంటూరు జిల్లా లెక్క.

ఇప్పుడు నా లెక్క చెప్తాను, ఇవి నేను స్వయంగా అడిగి రాసుకున్న ధరలు. ఒక గ్యారేజీ వాళ్లు బాగు చేసిన ఇంజను తెప్పించి బిగించడానికి 6,800 అన్నారు. ఇంకొకరు నా ఇంజన్నే విప్పి పని చేస్తాం, 5,500 నుంచి మొదలు, ఆరు వారాలు పడుతుంది అన్నారు. ఆ "నుంచి మొదలు" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేశాను. కారు నేను కొన్నది 4,800కి. నడిచే స్థితిలో అమ్మితే ఆరు వేలు రావచ్చు, ఇప్పుడున్నట్టు అమ్మితే 1,800. కాబట్టి గ్యారేజీ దారి మూసుకుపోయింది. మిగిలింది నా గ్యారేజీ, నా రెండు చేతులు, శని ఆదివారాలు.

సొంతంగా పని చేసుకుంటే మెషిన్ షాపు వాళ్లకి బ్లాకు కడగడం, బోరు, క్రాంకు గ్రైండింగు, హెడ్డు పని కలిపి 1,450. ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, అండర్‌సైజు బేరింగులు, ఆయిలు పంపు, బోల్టులు, గాస్కెట్లు 1,300. ఇంజను దింపినప్పుడు ఎలాగూ మార్చాల్సిన క్లచ్చి, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, సీళ్లు 620. ఇంజనుని పైకి లేపే హాయిస్టు అద్దె, నూనె, కూలెంటు 230. మొత్తం 3,600, కొలిచే పనిముట్లు కొనకుండానే. పాత ఇంజను తెస్తే 900 ఇంజనుకి, ఆ తర్వాత అదే 620, అదే 230. అంటే 1,750. సగం కంటే తక్కువ.

ఇక్కడ చాలామంది ఒక మధ్యే మార్గం చెబుతారు, నాకూ చెప్పారు. "మెషిన్ షాపు దండగ. క్రాంకుని సన్న గరుకు పేపరుతో పాలిష్ చేసి, కొత్త బేరింగులూ రింగులూ వేసి బిగించెయ్, ఐదు వందల్లో అయిపోద్ది." ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ మాట విన్నందుకే. గుండ్రం పోయిన క్రాంకు మీద కొత్త బేరింగు వేస్తే అది ఎన్నాళ్లో ఉండదు. అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిన బోరులో కొత్త రింగులు సరిగ్గా కూర్చోవు, ముందు కంటే ఎక్కువ నూనె తాగొచ్చు కూడా. ఇంజను పని అంటే కొత్త సామాను వేయడమని మనం అనుకుంటాం. అందులో సగానికి పైగా కొలవడం, కడగడం. ఎక్కడెంత అరిగిందో మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి, దానికి తగ్గ సామాను తెచ్చి, ఒక్క రజను కూడా లేకుండా కడిగి బిగించాలి. డబ్బు తక్కువగా ఉన్న మనిషి మొదట కోసేది సరిగ్గా ఆ ఖర్చులనే, ఎందుకంటే అవి కంటికి కనబడవు. కొత్త గాస్కెట్టు పెట్టెలో వస్తుంది, ఫొటో తీసుకోవచ్చు. మెషిన్ షాపు బిల్లు కాగితం ముక్క. అందుకే చవకలో అయ్యే రీబిల్డ్, అంటే ఇంజను మొత్తం విప్పి బాగు చేసి బిగించడం, మీద నాకు నమ్మకం లేదు. చేయిస్తే పూర్తిగా చేయించాలి, లేదంటే మొదలుపెట్టకూడదు.

ఇంకో రకం సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. "ఎలాగూ దింపుతున్నావుగా, హోండా ఇంజను వేసెయ్, లేదంటే ఏకంగా ఎనిమిది సిలిండర్ల వీ8 వేసెయ్." మియాటాలో ఈ రెండూ జనం వేస్తారు, అద్భుతంగా పరిగెత్తుతాయి, నిజమే. ఇంజను చవగ్గానే దొరుకుతుంది. దానికి మౌంట్లు, వైరింగు, ఇంజనుని నడిపించే కంప్యూటరు (ఈసీయూ), గేర్‌బాక్సుని కలిపే ప్లేటు, ఎగ్జాస్టు, రేడియేటరు ఒక్కొక్కటీ బిల్లు అయి వస్తాయి. అలా మొదలుపెట్టిన ప్రాజెక్టులు టార్పాలిన్ కింద ఎన్నేళ్లుగా పడున్నాయో మా చుట్టుపక్కల నేను చూస్తూనే ఉన్నాను. బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రస్తావనే వద్దు.

మరి ఎవడో ఎట్లా తోలాడో తెలియని ఇంజను సంగతి? నాన్న భయం న్యాయమైనదే, అందుకు నేను ఖర్చు పెట్టింది రెండు శనివారాలు. మియాటాకి ఒక మంచి గుణం ఉంది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి కనబడ్డప్పటి నుంచి 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అదే. దాని 1.8 ఇంజను, 1839 సీసీ, ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు. చాలా మొండిది. వెనక నుంచి గుద్దుకుని, బీమా వాళ్లు తుక్కు కింద రాసేసిన మియాటాల్లో ముందున్న ఇంజను దెబ్బ తినకుండా మిగిలిపోతుంది. నేను వెతికింది అలాంటిదే. వెనక భాగం నుజ్జయిన 2000 మోడల్, 82 వేల మైళ్లు.

యార్డులో మొదట వాల్వ్ కవరు విప్పించాను. క్యాముల మీద నల్లటి జిగురు పేరుకుని ఉంటే వెనక్కి వచ్చేసేవాణ్ని. లేత తేనె రంగు ఉంది, అంటే నూనె మారుస్తూ వచ్చారు. ఫిల్టరు విప్పి కోసి మడతలు విప్పి చూశాను, లోహపు మెరుపు లేదు. ఇంజను ఇంకా కారులోనే ఉంది కాబట్టి బ్యాటరీ పెట్టి తిప్పించి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో, చూశాం. నాలుగు సిలిండర్లూ 170కీ 178కీ మధ్య. ఇక్కడ అంకె ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు, నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది చూడాలి. ఒకటి 130 వచ్చి ఉంటే మిగతా మూడూ 190 ఉన్నా తీసుకునేవాణ్ని కాదు. యార్డు వాళ్లు తొంభై రోజుల గ్యారంటీ ఇచ్చారు. ఆ గ్యారంటీ ఇంజనుకి మాత్రమే, దింపి ఎక్కించే కూలికి వర్తించదు. చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదువుకోండి.

మోడల్ సంవత్సరం కూడా చూసుకోవాలి. నా 1999 కారులోకి 1999, 2000 ఇంజను మారు మాట లేకుండా దిగుతుంది. 2001 నుంచి వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ వచ్చింది, అది వేస్తే దాన్ని నడిపించే ఏర్పాటు వేరే చూసుకోవాలి. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకి పొగ పరీక్ష లేదు కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు మాత్రం కారు కంటే పాత సంవత్సరం ఇంజను వేయాలని చూడకండి, పరీక్షలో ఆపేస్తారు.

ఇంజను మార్చడానికి మూడు వారాంతాలు పట్టాయి. కరీంనగర్ తమ్ముడొకడు వచ్చి సాయం చేశాడు, పగలు డేటాబేస్‌లు చూస్తాడు, రాత్రిళ్లు పాత సుబారూ విప్పుకుంటూ ఉంటాడు. పక్కింటి పెద్దాయన రోజూ వాకింగ్‌కి వెళ్తూ ఆగి, "కామ్రీ కొనుక్కుంటే ఈ బాధ ఉండదు కదా బాబూ" అని వెళ్లేవారు. కాలనీ సంఘం నుంచి గ్యారేజీ తలుపు తెరిచి ఉంచుతున్నారని ఒక ఉత్తరం కూడా వచ్చింది.

మొత్తం కథలో నేను నిజంగా దెబ్బ తినబోయింది ఒక చోటే. ఈ 1.8 ఇంజనులో ఆయిల్ ఫిల్టరు దగ్గర ఒక చిన్న కూలరు ఉంటుంది, లోపల కూలెంటు తిరుగుతూ నూనెని చల్లబరుస్తుంది. యార్డు ఇంజనుతో వచ్చిన దాని గొట్టం వంగిపోయి ఉంది. నా పాతది బాగానే కనబడుతోంది కదా అని పెట్రోలుతో మూడుసార్లు కడిగి పక్కన పెట్టుకున్నాను. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని తెల్ల గుడ్డ మీద గట్టిగా కొట్టాడు. రెండు మెరుపులు రాలాయి.

"అన్నా, పారెయ్ దీన్ని. ఇంకా లోపల ముక్కలున్నయ్. కొత్త ఇంజను గూడ వారం రోజుల్ల పోతది."

పారేశాను. బేరింగు పోయిన ఇంజను నుంచి నూనె తగిలిన సామాను ఏదీ కొత్త దానికి వేయకూడదని ఎన్నిచోట్ల చదివానో. కొత్త కూలరుకి అయ్యే ఎనభై డాలర్ల దగ్గర చెయ్యి వెనక్కి లాగింది.

ఇదంతా చదివి, ఏ కారుకైనా యార్డు ఇంజనే మేలు అంటున్నాననుకోకండి. అదే మజ్దా కంపెనీ చేసిన ఆర్‌ఎక్స్-8 తీసుకోండి. అందులో పిస్టన్లు ఉండవు, రెండు రోటర్లు తిరిగే 1.3 లీటర్ల రోటరీ ఇంజను. రోటరు మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు అరిగితే కంప్రెషన్ పోతుంది, వేడెక్కాక స్టార్టే అవదు. 2004 నుంచి 2008 దాకా వచ్చిన కార్లకి అమెరికాలో కంపెనీయే ఇంజను లోపలి భాగాలకి వారంటీని ఎనిమిదేళ్లకి, లక్ష మైళ్లకి పొడిగించిందంటే సంగతి అర్థం చేసుకోవచ్చు. ఆ కారుకి యార్డు నుంచి ఇంకో ఇంజను తెస్తే అదే జబ్బున్న ఇంకో రోగిని తెచ్చుకున్నట్టే. మామూలు కంప్రెషన్ గేజీతో దాన్ని సరిగ్గా పరీక్షించలేం కూడా. ఒక్కో రోటరుకి మూడు ముఖాలు ఉంటాయి కాబట్టి మూడు అంకెలూ విడివిడిగా చూపించే పరికరం కావాలి. అక్కడ నేను నాన్న పక్షం. ఉన్నదాన్ని తెలిసిన వాడి చేత పూర్తిగా పని చేయించుకోవాలి.

పోర్షే బాక్స్‌టర్ కథ మధ్యస్థం. 1997 నుంచి 2005 దాకా వచ్చిన వాటిలో క్రాంకు తిరుగుడుని వాల్వుల వైపు అందించే ఇంటర్మీడియట్ షాఫ్టు చివర ఉండే బేరింగు పేరు చెబితేనే ఓనర్లు ఉలిక్కిపడతారు, అమెరికాలో దాని మీద కోర్టు కేసు వేస్తే 2013లో రాజీ కుదిరింది. ఆ బేరింగు పోతే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి, ముక్కలు ఇంజనంతా పాకుతాయి, అప్పుడు రీబిల్డ్‌కి అయ్యే ఖర్చు కారు ధరని దాటొచ్చు. యార్డు ఇంజను తెచ్చినా కారులోకి ఎక్కించే ముందే ఆ బేరింగు మార్చాలి. కాబట్టి ఏ కారైనా నేను ముందు అడిగేది ఇదే: నా ఇంజను నా తప్పు వల్ల పోయిందా, దాని పుట్టుక జబ్బు వల్ల పోయిందా? నా మియాటా ఇంజను పోయింది నేను నూనె చూడనందుకు. దాని అన్నదమ్ములందరూ ఆరోగ్యంగా ఉన్నారు. అందుకే ఇంకొకణ్ని తెచ్చుకోవడం నాకు క్షేమం.

మనసు సంగతి కూడా ఒప్పుకోవాలి. కొత్త ఇంజను మొదటిసారి స్టార్ట్ చేసిన రాత్రి నాకు రావాల్సినంత సంతోషం రాలేదు. చక్కగా తిరిగింది, ఏ చప్పుడూ లేదు. కానీ నాన్న అన్నట్టు బండి నాదే, ఇంజను ఎవరిదో. మొదటి నెల ప్రతి కొత్త శబ్దానికీ చెవులు రిక్కించాను. ఇప్పుడు ఏడు వేల మైళ్లు తిరిగాక అది నాదే అయిపోయింది. నిజమైన ఆయిల్ ప్రెషర్ మీటరు కూడా ఒకటి బిగించాను. ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ చూస్తాను, ఇంట్లో దీపం పెట్టేది మా ఆవిడ, నూనె చూసేది నేను.

పాత ఇంజను మాత్రం అమ్మలేదు. స్టాండు మీద గ్యారేజీ మూలన ఉంది. కారు నడుస్తోంది కాబట్టి ఇప్పుడు తొందర లేదు. ఒక నెల హెడ్డు విప్పాను, ఇంకో నెల పిస్టన్లు తీశాను, మైక్రోమీటరు పట్టుకోవడం నేర్చుకుంటున్నాను. రీబిల్డ్ చేసుకోవడానికి ఇదే సరైన సమయం అనిపిస్తోంది. సోమవారం ఆఫీసుకి దీని మీదే వెళ్లాలన్న ఒత్తిడి లేనప్పుడు మనిషి కొలవాల్సినవి కొలుస్తాడు, కడగాల్సినవి కడుగుతాడు.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకి మూడో రాడ్డు షెల్ చూపించాను. కాగితంలా పల్చబడి చివర్లు ఎగిరిపోయి ఉంది. కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశారు. "నూనె చూసుకోలేదు కదరా" అన్నారు. నేను ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. తర్వాత క్రాంకు చూపించమన్నారు, ఫోను దాని చుట్టూ తిప్పాను.

"అక్కడ గ్రైండింగ్‌కి ఎంతంటున్నారు?"

చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. రూపాయల్లోకి మార్చుకుంటున్నారని నాకు తెలుసు.

"సంక్రాంతికి వస్తున్నావుగా. నీకు రెండు పెట్టెలు, ఒక్కోటీ ఇరవై మూడు కేజీలు. ఆ క్రాంకు ఎంత బరువుంటుందిరా?"

బాత్‌రూమ్‌లో తూకం మిషను మీద పెట్టి చూశాను. ఒక పెట్టెలో పడుతుంది.